కళ్ళు మూసుకున్నాక ఎవరు గుర్తొస్తున్నారు? (పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు)

పోయిన నెల ఈ పేజీలో మౌన ప్రార్థన గురించి నాలుగు ముక్కలు రాశాను. అడగాల్సిన లిస్టు పక్కన పెట్టి, మాటలు కూడా పక్కన పెట్టి దేవుడి ముందు ఊరికే కూర్చోవడం గురించి, అలా కూర్చోగా కూర్చోగా పక్కవాళ్ళ మీద కనికరం పుడుతుందని, నిజంగా పుడితే అది ఇంట్లో ఊరుకోదు బయటికి లాగుతుందని. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదండి, ఇంక వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ల సంగతి చెప్పక్కర్లేదు, మౌనం గురించి ఒకాయన పదకొండు నిమిషాలు మాట్లాడారు. సగం మెచ్చుకోళ్ళు సగం చీవాట్లు. అన్నీ వేయలేం కాబట్టి ఆరు తీసుకున్నా, చీవాట్లే ఎక్కువ తీసుకున్నా, విషయం వాటిల్లోనే ఉంది మరి.

అక్కా వందనాలు. మీరు రాసింది చదివి రోజూ పొద్దున్నే పావుగంట కళ్ళు మూసుకుని "యేసయ్యా" అనే ఒక్క మాట మనసులో అనుకుంటూ కూర్చుంటున్నాను. మా అత్తగారు చూసి ఇది యోగా, మనది కాదు, మనసు ఖాళీగా పెడితే దయ్యం వచ్చి కూర్చుంటుంది అంటున్నారు. పాస్టరుగారు కూడా వద్దన్నారు, వ్యర్థమైన మాటలు వచింపవద్దని మత్తయిలో ఉంది కదా అన్నారు. నేను తప్పు చేస్తున్నానా?
ఒక చెల్లి, తెనాలి

చెల్లీ, ముందు మీ అత్తగారితో గొడవ పెట్టుకోకు. ఆవిడ బైబిలు బాగా చదివినావిడే, ఆ మాట మత్తయి 12లో ఉంది, వదిలేసిపోయిన ఇల్లు ఊడ్చి అమర్చి ఖాళీగా కనిపిస్తే ఆ దయ్యం ఇంకో ఏడింటిని వెంటేసుకొచ్చి దిగుతుందని ప్రభువే చెప్పాడు. కాబట్టి ఆవిడ భయం న్యాయమైనదే. కాకపోతే నువ్వు ఇల్లు ఖాళీ చేయట్లేదు కదా, ఇంట్లో ఉన్నాయనతో కాసేపు మాటలు ఆపి పక్కన కూర్చుంటున్నావు, అంతే. పెళ్ళైన ముప్పై ఏళ్ళకి మొగుడూ పెళ్ళాం వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ గంటసేపు ఒక్క ముక్క మాట్లాడుకోరు, వాళ్ళ మధ్య ఖాళీ ఉందని ఎవరైనా అంటారా?

ఇక మనది కాదు అన్నదానికి. ఇది ఈజిప్టు ఎడారుల్లో 300ల నాటికే ఉంది, ఆంటోనీ లాంటి వాళ్ళు ఊళ్ళు వదిలి ఇసకలోకి పోయి కూర్చున్నారు. వాళ్ళ దగ్గర నేర్చుకున్న కాసియన్ అనే ఆయన 400ల్లో రాసిపెట్టాడు, 70వ కీర్తన మొదట్లో "నా సహాయమునకు త్వరగా రమ్ము" అని ఉంది చూడు, ఆ ఒక్క వచనమే పట్టుకుని పని చేస్తూ నడుస్తూ నిద్రలోకి జారుకుంటూ కూడా అనుకోమని. తూర్పు సంఘాల వాళ్ళు, గ్రీసు రష్యా వైపు వాళ్ళు, "ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించుము" అని ఊపిరితో కలిపి అనుకుంటారు, అది లూకా 18లో సుంకరి రొమ్ము కొట్టుకుంటూ అన్న ప్రార్థనే. గుడ్డి బర్తిమయి ఒక్కసారే పిలిచాడా? చుట్టూ ఉన్నవాళ్ళు నోరు ముయ్యమంటే అదే మాట ఇంకా గట్టిగా కేకేశాడు, ప్రభువు దాన్ని వ్యర్థం అనలేదే, ఆగి పిలిపించుకున్నాడు. ఆయన వ్యర్థం అన్నది ఎక్కువ మాట్లాడితే దేవుడు ఎక్కువ వింటాడు అనుకోవడాన్ని, ఆ లెక్క వేస్తే మైకు పట్టుకుని మూడు గంటలు చేసే ప్రార్థనల సంగతే ముందు చూసుకోవాలి (ఈ లైను మాత్రం పాస్టరుగారికి చూపించకు).

మన దగ్గర కూడా కొత్త కాదు. ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో మొదలుపెట్టిన బైబిల్ మిషన్ వాళ్ళని అడుగు, సన్నిధిలో కనిపెట్టడం, అంటే దేవుడి కోసం ఊరికే ఎదురుచూస్తూ కూర్చోవడం, అంటే ఏంటో చెబుతారు. "ఊరకుండుడి" అని 46వ కీర్తన మనకి కంఠతా వచ్చు, ఊరకుండడమే రాదు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతా. ఆ ఎడారి పెద్దల్లో ఒకాయన్ని ఎవరో అడిగారట, ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు, ఒకడు వారంలో ఆరు రోజులు ఉపవాసం ఉండి గదిలో ప్రార్థన చేస్తాడు, ఇంకొకడు రోగులకి సేవ చేస్తాడు, ఎవరు గొప్ప అని. ఆయన అన్నాడు, ఆ ఉపవాసం ఉండేవాడు ముక్కుకి తాడు కట్టుకుని వేలాడినా రోగులకి చేసేవాడికి సాటి రాడు అని. అన్నది ఎవరో బయటివాడు కాదు, జీవితమంతా గదిలో కూర్చున్నాయనే! అందుకని నీ పావుగంట అయ్యాక మీ అత్తగారికి కాఫీ నువ్వే కలిపి ఇవ్వు, ఆవిడ అభ్యంతరంలో సగం అక్కడే కరుగుతుంది.

మేడమ్, నేను క్రిస్టియన్ కుటుంబంలోనే పుట్టాను కానీ చర్చికి వెళ్ళను. బస్తీల్లో ఇళ్ళు కూలగొట్టడానికి వస్తే వెళ్ళి అడ్డం నిలబడే బ్యాచ్ మాది. మీ ఆర్టికల్ చదివి కోపమొచ్చింది. ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుంటే బుల్డోజర్ ఆగుతుందా? మా తాతల కాలం నుంచి మా వాళ్ళకి ఓపిక పట్టు, ప్రార్థన చేసుకో అనే చెప్పారు, దొర చెప్పాడు, మిషనరీ చెప్పాడు, ఇప్పుడు మీరు. ఈ లోపలి శాంతి అంతా కడుపు నిండినవాళ్ళ హాబీ కాదా?
పేరు వద్దు, హైదరాబాద్

తమ్ముడూ, ఆగదు. బుల్డోజర్ నీ కళ్ళు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా చూడదు. కానీ దాని ముందు నిలబడేవాడి సంగతి వేరు.

1963లో అమెరికాలో బర్మింగ్‌హామ్ అనే ఊళ్ళో నల్లజాతి వాళ్ళు ఉద్యమం చేశారు, షాపుల్లో డబ్బులు తీసుకుంటారు కానీ అదే షాపులో టిఫిన్ కౌంటర్ దగ్గర పక్కన కూర్చోనివ్వరు, దాని మీద. పోలీసులు కుక్కల్ని వదిలారు, ఫైరింజన్ పైపులతో స్కూలు పిల్లల్ని కొట్టారు, ఆ ఫొటోలు నువ్వు చూసే ఉంటావు. మార్టిన్ లూథర్ కింగ్ వాళ్ళు ఆ ఊరేగింపుల్లోకి ఎవరిని పడితే వాళ్ళని రానివ్వలేదు, ఒక కార్డు మీద సంతకం పెట్టాలి. దాంట్లో పది ఆజ్ఞలు. మొదటిది ఏమై ఉంటుందనుకున్నావు? కొట్టినా తిరిగి కొట్టకు అని కాదు, అది తర్వాతెక్కడో వస్తుంది. మొదటిది, యేసు బోధల్ని, ఆయన జీవితాన్ని రోజూ ధ్యానించు. రెండోది, ఈ ఉద్యమం కోరేది న్యాయం, సమాధానపడడం, గెలుపు కాదు, ఎప్పుడూ గుర్తుపెట్టుకో. అదే కార్డు మీద ఇంకో లిస్టు ఉంది, నడవడం కాకుండా ఇంకేం చేయగలవు అని, కారు నడుపుతావా, వాలంటీర్లకి వంట చేస్తావా, ఫోన్లు ఎత్తుతావా, టైపు కొడతావా. ధ్యానమూ వంటా టైపూ అన్నీ ఒకే కాయితం మీద! నాకు ఈ కార్డు ఎంత ఇష్టమో చెప్పలేను, మన చర్చి కమిటీలు దీన్ని ఫ్రేమ్ కట్టించి పెట్టుకోవాలి.

ధ్యానం మొదట ఎందుకు పెట్టారంటే, కుక్క మీదికి దూకినప్పుడు ఆలోచించే టైముండదు, చెయ్యి రాయి కోసం పోతుంది. పోకుండా ఉండాలంటే ఆ చేతికి అంతకుముందే, ఎవరూ చూడని పొద్దుల్లో, ఏదో అలవాటై ఉండాలి.

కింగ్‌కే ఇది వంటింట్లో తెలిసింది. 1956 జనవరి 27, మాంట్‌గోమరీలో నల్లవాళ్ళని వేరుగా కూర్చోబెట్టే బస్సుల బహిష్కారం నడుస్తోంది, ఆయనకి అప్పుడు 27 ఏళ్ళు, ఇంట్లో భార్య, పసిపిల్ల. అర్ధరాత్రి దగ్గర ఫోన్, ఊరు వదలకపోతే చంపుతామని. అలాంటివి అంతకుముందూ వచ్చాయి, ఆ రాత్రి మాత్రం తట్టుకోలేకపోయాడు, నిద్రపట్టక లేచి కాఫీ పెట్టుకుని టేబుల్ ముందు కూర్చున్నాడు, ఎలా తప్పుకోవాలా పిరికివాడు అనిపించుకోకుండా అని ఆలోచిస్తున్నాడు, ఇది ఆయనే చెప్పుకున్నాడు. తల వంచి నాలో ఇంక బలం లేదు అన్నాడు. న్యాయం కోసం నిలబడు అని లోపల వినిపించిందట, భయం తగ్గిందట. మూడు రోజులకే ఇంటి మీద బాంబు వేశారు. భార్యా బిడ్డా క్షేమం. ఇంటి ముందు జనం కోపంతో ఊగిపోతున్నారు, కొందరి చేతుల్లో ఆయుధాలు, ఆయన పగిలిన వరండాలో నిలబడి అవి ఇంటికి తీసుకుపొండి, మనం ఇలా చేయం అన్నాడు. ఆ వంటింటి రాత్రి లేకపోతే ఈ వరండా ఏమయ్యేదో నాకు తెలీదు తమ్ముడూ, ఊర్లు తగలబడేవేమో.

ఇక ఓపిక పట్టమన్నారు అన్నావే, అక్కడ నిన్ను కాదనను. హోవర్డ్ థర్మన్ అని ఒక నల్లజాతి పాస్టర్, ధ్యానం గురించి అమెరికాలో అంత లోతుగా మాట్లాడినవాళ్ళు తక్కువ. ఆయన అమ్మమ్మ బానిసగా పుట్టింది, చదువు రాదు, మనవడు బైబిలు చదివి వినిపించాలి. పౌలు పత్రికలు, అదే ఆయన సంఘాలకి రాసిన ఉత్తరాలు, మాత్రం చదవనిచ్చేది కాదు, ఎప్పుడైనా ప్రేమ గురించి ఉన్న 1 కొరింథీ 13 తప్ప. కాలేజీకి వచ్చాక ధైర్యం చేసి ఎందుకని అడిగాడు. బానిసలుగా ఉన్నప్పుడు యజమాని తెచ్చిన తెల్ల పాస్టర్ ఏడాదికి మూడు నాలుగు సార్లయినా దాసులారా మీ యజమానులకు విధేయులై యుండుడి అనే పౌలు వాక్యమే చెప్పేవాడు, స్వతంత్రం వచ్చి చదువు వస్తే ఆ భాగం జన్మలో చదవనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నా అంది. నీ కోపం ఆ ముసలామె కోపమే, బైబిలు వదలకుండా కూడా కోప్పడొచ్చని ఆమె చూపించింది. ఎప్పుడో ఒకసారి బానిసల్లోనే ఉన్న బోధకుడు వచ్చి మాట్లాడేవాడట, మీరు బానిసలు కారు, దేవుని పిల్లలు అని చివర్లో అనేవాడట, అది విన్నాక వాళ్ళ వెన్నులు నిటారుగా అయ్యేవని ఆమె చెప్పేది. థర్మన్‌కి ధ్యానం అంటే ఆ వెన్ను సంగతే. నిన్ను నువ్వు ఎదుటివాడి కళ్ళతో చూసుకోవడం మానాలంటే ఎవడూ రాలేని ఒక చోటు లోపల ఉండాలి కదా.

ఆయన 1935లో మన దేశం వచ్చాడు, 1936 ఫిబ్రవరిలో బార్డోలీలో గాంధీని కలిశాడు, గాంధీ డేరాలోంచి లేచి కారు దగ్గరికే వచ్చాడట, మూడు గంటలు కూర్చోబెట్టి ఓటు హక్కు గురించి, నల్లవాళ్ళని చెట్లకి ఉరితీయడం గురించి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. ఈ ప్రయాణంలోనే కొలంబోలో ఒక లా కాలేజీ పెద్దాయన మొహం మీదే అడిగాడు, మిమ్మల్ని బానిసలుగా అమ్మినవాళ్ళు క్రైస్తవులు, ఉరితీసేవాళ్ళు క్రైస్తవులు, నువ్వు ఆ మతం పట్టుకుని తిరుగుతున్నావంటే ద్రోహివి కాదా అని. నీ ప్రశ్నే! థర్మన్ కోప్పడలేదు, ఏళ్ళ తరబడి ఆలోచించి 1949లో ఒక చిన్న పుస్తకంగా జవాబు రాశాడు, గోడకి ఆనించి నొక్కేసిన మనుషులకి యేసు ఏం చెబుతాడు అని, ఎందుకంటే యేసు కూడా పరాయి పాలన కింద నలిగిన పేద యూదుడే. కింగ్ తరం దాన్ని చదువుకుంది.

కడుపు నిండినవాళ్ళ హాబీ అయిందా అంటే చాలాచోట్ల అయింది, ఏసీ రిట్రీట్ సెంటర్లలో నేనూ కూర్చున్నా, ఒప్పుకుంటా. నువ్వు మాత్రం ఒక్కటి చెప్పు, మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు ఇప్పటికి ఎన్నిసార్లు చీలింది?

అక్కా, మాది ఏలూరు, ఇక్కడ కెంటకీలో లూయివిల్‌లో ఎంఎస్ చేస్తున్నాను. డౌన్‌టౌన్‌లో ఫోర్త్ స్ట్రీట్, మహమ్మద్ అలీ బౌలెవార్డ్ కలిసే మూలన ఒక బోర్డు ఉంది, థామస్ మెర్టన్ అనే సన్యాసికి ఇక్కడ ఏదో దర్శనం లాంటిది అయిందని. చుట్టూ బిల్డింగులు, ట్రాఫిక్కు తప్ప ఏం లేవు. ఆయనకి ఏం కనిపించి ఉంటుంది?
ఒక తమ్ముడు, లూయివిల్

ఏం కనిపించలేదు బాబూ, నీకు కనిపించిందే కనిపించింది, జనం.

మెర్టన్ 1915లో ఫ్రాన్స్‌లో పుట్టాడు, కుర్రతనమంతా అల్లరిచిల్లరిగా గడిపి 1941 డిసెంబర్ 10న మీ ఊరికి దక్షిణాన ఉన్న గెత్సేమనే మఠంలో చేరిపోయాడు. అప్పట్లో అక్కడి సన్యాసులు మాట కూడా సైగలతోనే. లోకం పాడైపోయింది, నేను బయటపడ్డాను అనే ఊపులో ఆత్మకథ రాస్తే 1948లో అచ్చయి లక్షల్లో అమ్ముడుపోయింది. మఠంలో చేరి పదహారేళ్ళు దాటాక, 1958 మార్చి 18న, ఏదో పని మీద టౌన్‌కి వచ్చి ఆ మూలన నిలబడ్డాడు. షాపింగ్ జనం అటూ ఇటూ పోతున్నారు. ఉన్నట్టుండి వీళ్ళంతా నావాళ్ళు, నేను వీళ్ళవాణ్ణి, ఎవరూ పరాయి కాదు అనిపించింది, నేను వేరు అనే కలలోంచి మెలకువ వచ్చినట్టు అయిందని రాసుకున్నాడు. వీళ్ళు ఒక్కొక్కళ్ళూ సూర్యుడిలా వెలుగుతున్నారు, ఆ సంగతి వీళ్ళకి ఎలా చెప్పడం అని కూడా రాశాడు. అంతే దర్శనం. మన బస్టాండ్‌లో నిలబడి అలా అనిపించాలంటే ఎంత కష్టమో ఆలోచించు, ఏలూరు కొత్త బస్టాండ్ అయితే మరీ.

అది మంచి అనుభూతిగా మిగిలిపోయుంటే ఈపాటికి బోర్డు కూడా ఉండేది కాదు. ఆ తర్వాత ఆయన రాతలు మారాయి, జాతి వివక్ష, అణుబాంబులు, వియత్నాం. సన్యాసికి ఇవెందుకు అని 1962లో వాళ్ళ సంఘం పైవాళ్ళు యుద్ధం మీద రాసినవి అచ్చు వేయొద్దన్నారు. ఆయన మాట దాటలేదు, కానీ సైక్లోస్టైల్ కాపీలు తీసి తెలిసినవాళ్ళకి పోస్టులో పంపాడు (ఇది విధేయతా కొంటెతనమా అని మా ప్రార్థన గ్రూపులో ఒకసారి పెద్ద వాదన జరిగింది). 1964 నవంబర్‌లో యుద్ధాన్ని వ్యతిరేకించే కొద్దిమందిని మఠానికి పిలిచి మూడు రోజులు కూర్చోబెట్టాడు, నిరసనకి ఆత్మలో వేరు ఎక్కడుంది అనే విషయం మీద. అక్కడ కూర్చున్నవాళ్ళలో డేనియల్, ఫిలిప్ బెరిగన్ అని ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరూ ఫాదర్లే. 1968 మే 17న వాళ్ళతో కలిపి తొమ్మిది మంది కేటన్స్‌విల్ అనే ఊళ్ళో కుర్రాళ్ళని యుద్ధానికి పంపే ఆఫీసుకెళ్ళి 378 ఫైళ్ళు బయటికి తెచ్చి తగలబెట్టి, పారిపోకుండా ప్రార్థన చేసుకుంటూ పోలీసుల కోసం ఎదురుచూశారు. మెర్టన్‌కి ఈ పద్ధతి మీద అనుమానాలు ఉండేవి, మౌనంలోంచి లేచినవాళ్ళందరూ ఒకే దారిలో పోతారని లేదు.

అదే ఏడాది చివర్లో ఆయన మన దేశం వచ్చాడు, ధర్మశాలలో దలైలామాని కలిశాడు, మద్రాసు, మహాబలిపురం చూశాడు, బ్యాంకాక్ దగ్గర ఒక సమావేశానికి వెళ్ళి అక్కడ కరెంటు ఫ్యాను షాక్ కొట్టి పోయాడు. డిసెంబర్ 10, మఠంలో చేరిన తారీఖే. అన్నట్టు ఆ వీధి అప్పట్లో వాల్‌నట్ స్ట్రీట్, తర్వాత మీ ఊరివాడే అయిన బాక్సర్ అలీ పేరు పెట్టారు, వియత్నాం యుద్ధానికి రానని టైటిల్ పోగొట్టుకున్నాయన. ఇద్దరూ ఒకే మూలన ఉన్నారు చూడు.

కూర్చున్న దగ్గర్నుంచి ఆలోచనలే సిస్టర్. కరెంటు బిల్లు, మనవడి ఫీజు, పక్కింటివాళ్ళ గోడ గొడవ. ఇరవై నిమిషాల్లో ఒక్క నిమిషం కూడా నిలవట్లేదు.
విజయవాడ

మసాచుసెట్స్‌లో స్పెన్సర్ అనే చోట మఠంలో 1970ల్లో కొందరు ఫాదర్లు ఈ పద్ధతిని మామూలు జనానికి నేర్పడం మొదలుపెట్టారు, ఒక పవిత్రమైన మాట ఎంచుకో, రోజుకి రెండుసార్లు ఇరవై నిమిషాలు, ఆలోచన వస్తే మెల్లగా ఆ మాటకి తిరిగి రా, అంతే. వాళ్ళలో థామస్ కీటింగ్ దగ్గరికి ఒక సిస్టర్ వచ్చి నాకు ఇరవై నిమిషాల్లో పదివేల ఆలోచనలు వచ్చాయి ఫాదర్ అని ఏడిస్తే, ఎంత బాగుంది, దేవుడి దగ్గరికి పదివేల సార్లు తిరిగి వచ్చావన్నమాట అన్నాడట. మీరూ అలాగే లెక్కేసుకోండి. గోడ గొడవ మాత్రం కూర్చున్నప్పుడల్లా వస్తుంటే అది ఆలోచన కాదండి, పని, వెళ్ళి మాట్లాడుకోండి.

అక్కా, నేను స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీలో ఒక్కదాన్నే నలభై బెడ్లు చూస్తాను. మొదట్లో ప్రతి పేషెంటుకీ ఏడ్చేదాన్ని, ఇప్పుడు ఎవరైనా పోయినా ఫారం నింపి బెడ్ షీటు మార్చమంటున్నాను. జాలి అయిపోయింది నాలో. ధ్యానం చేస్తే కనికరం వస్తుందన్నారు, కూర్చుంటే నిద్రొస్తోంది. నా గుండె రాయైపోయిందా?
గుంటూరు

నిద్రపో తల్లీ. నిజంగానే చెబుతున్నా.

ఏలీయా గుర్తున్నాడా, అరణ్యంలో బదరీవృక్షం కింద కూర్చుని నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి విశ్వాసం గురించి క్లాసు పీకలేదు, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళబుడ్డి పెట్టి లేచి తిను అన్నాడు, ఆయన తిని మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. ఆ నిమ్మళమైన స్వరం వినిపించింది ఆ తర్వాత, చాలా రోజుల తర్వాత. మనం స్వరం దగ్గర్నుంచి మొదలుపెడతాం, అప్పం సంగతి వదిలేస్తాం.

పైన చెప్పిన థర్మన్, 1958లో కింగ్‌ని ఒకామె కవర్లు చింపే కత్తితో పొడిస్తే చూడ్డానికి హాస్పిటల్‌కి వెళ్ళాడు. ఉద్యమం ఎదురుచూస్తోంది లేవయ్యా అనలేదు, డాక్టర్లు ఎన్ని రోజులు రెస్ట్ ఇచ్చారు అని అడిగి, దానికి ఇంకో రెండు వారాలు కలపమని చెప్పు, ఈ పని నీకేంటో నువ్వు ఆలోచించుకోవాలి అన్నాడు. మెర్టన్ కూడా ఒక క్వేకర్ స్నేహితుడి మాట తీసుకుని రాశాడు, అందరికీ అన్నిట్లో సాయం చేయాలని ఊపిరాడకుండా పరిగెత్తడం కూడా ఒక రకం హింసేనని.

అలాగని పని వదిలేసి ప్రార్థనకి పొమ్మనట్లేదు. విన్సెంట్ డి పాల్ అని 1600ల్లో ఫ్రాన్స్‌లో రోగుల కోసం సిస్టర్ల సంఘం పెట్టినాయన వాళ్ళకి చెప్పేవాడు, ప్రార్థనలో ఉండగా పేదవాడు పిలిస్తే లేచిపొండి, అది దేవుడి కోసం దేవుణ్ణి వదలడమే అని. నువ్వు రోజూ చేస్తున్నది అదే, నీకు ఆ పేరు తెలీదు, అంతే. కొత్తగా టైం ఏం వెతుక్కోకు. ఒక బెడ్ నుంచి ఇంకో బెడ్‌కి వెళ్ళేముందు చేతులు కడుక్కుంటావు కదా, ఆ అరనిమిషం కుళాయి కింద చేతుల్నే చూడు, ఇప్పుడు ముట్టుకున్న మనిషి పేరు ఒక్కసారి మనసులో అనుకో. బెడ్ నంబర్ కాదు, పేరు. పేరు గుర్తులేకపోతే కేస్ షీట్ చూసి వెళ్ళు. అంతకంటే ఏం వద్దు. ఏడుపు రాకపోతే రాకపోనీ, ఏడుపూ కనికరమూ ఒకటి కాదు, మత్తు లేకుండా కట్టు కట్టేటప్పుడు ఏడ్చే నర్సు ఎవరికి కావాలి.

ఇంకో మాట, నలభై బెడ్లకి ఒక్క నర్సు అనేది నీ ప్రార్థనలో లోపం కాదమ్మా, డ్యూటీ చార్టులో లోపం. దాన్ని మోకాళ్ళ మీద మాత్రమే పరిష్కరించాలని చూడకు. మీ వార్డుల్లో ఇలాగే రాయైపోయాం అనుకుంటున్నవాళ్ళు ఇంకా ఉంటారు, నలుగురు కలిసి సంతకాలు పెట్టి సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి, రిసీవ్డ్ స్టాంపు వేయించుకోవడం మర్చిపోకండి.

మీరు కింగులూ మెర్టన్లూ బాగానే చెబుతారు. మీ సంగతి చెప్పండి. ఎన్నేళ్ళుగా కూర్చుంటున్నారు, మీ చుట్టూ ఏం మారింది?
రిటైర్డ్ హెడ్మాస్టరు, కాకినాడ

మాస్టారూ, తొమ్మిదేళ్ళు. మారింది చెప్పమంటే సిగ్గుపడే కథే చెప్పాలి.

ప్రతి గురువారం సాయంత్రం మా చర్చి పక్కగదిలో పదిమందిమి కూర్చుంటాం. ఆరింటికి మొదలుపెట్టి ఆరున్నరకి లేవాలి. మొదట్లో అలాగే లేచేవాళ్ళం, తర్వాత రుచి మరిగి ఏడు, ఏడుంబావు, ఒక్కోసారి ఏడున్నర, ఆత్మ కదులుతున్నప్పుడు గడియారం చూడకూడదు అని మాకు మేమే చెప్పుకున్నాం. ఒకరోజు, వానాకాలం, మాలో ఒకావిడకి కొడుకు ఫోన్ వస్తే మధ్యలో బయటికి వెళ్ళింది. గుమ్మం దగ్గర చర్చి ఊడ్చే ఆవిడ కూర్చుని ఉంది, చీపురు ఒళ్ళో పెట్టుకుని, మా చెప్పులు లెక్కపెట్టుకుంటూ. ఏంటమ్మా అంటే, ఎన్ని జతలు మిగిలాయో చూస్తున్నానండి, అన్నీ పోతే గది ఊడ్చి తాళం వేయాలి, మా ఊరి ఆఖరి బస్సు ఏడూ పదికి అంది.

ఎన్నాళ్ళనుంచమ్మా అంటే, మీరు లేటుగా లేవడం మొదలెట్టిన కాడ్నుంచి అంది. బస్సు పోతే షేర్ ఆటో, ఆటో నిండకపోతే మెయిన్ రోడ్డు దాకా నడక. మేం లోపల కూర్చుని లోకంలో ఉన్న దీనుల కోసం గుండె తెరవమని అడుగుతున్నాం, తలుపుకి అవతల, రెండు గజాల దూరంలో. ఆ వారం ఎవరికీ మౌనం కుదరలేదు.

ఆ తర్వాత ఆరున్నరకి అలారం పెట్టుకున్నాం, గది మేమే ఊడ్చి కుర్చీలు మేమే సర్దుతున్నాం, ఇది చిన్న సంగతి, చెప్పుకోవాల్సిందేం లేదు. చీపురు పట్టుకున్నాకే జీతం ఎంత అని అడగబుద్ధేసింది. నెలకి 1,800. ఆరేళ్ళ నుంచి అంతే. కమిటీని అడిగాం, కొత్త సౌండ్ సిస్టమ్‌కి ఫండ్ కడుతున్నాం, తర్వాత చూద్దాం అన్నారు. మళ్ళీ అడిగాం. మాలో ఇద్దరు మేం ప్రార్థనకి వచ్చాం, యూనియన్ పెట్టడానికి కాదు అని గ్రూపు మానేశారు, వాళ్ళ మీద నాకు కోపం ఉంది, ఇంకా పోలేదు, దాంతోనే కూర్చుంటున్నా. ఎనిమిది నెలలు అడిగాక 3,000 చేశారు. అదీ చాలదు, వచ్చే జనరల్ బాడీలో మళ్ళీ లేవాలి, ఈసారి పక్కన ఉన్న రెండు చర్చిల్లో ఎంతిస్తున్నారో కనుక్కుని కాయితం మీద రాసుకుని వెళ్తున్నాం. ఇంతేనా తొమ్మిదేళ్ళకి అంటారేమో, ఇంతే మాస్టారూ.

మొన్న గురువారం ఆరున్నరకి తలుపు తీస్తే ఆవిడ అప్పటికే సంచి భుజాన వేసుకుని మెట్ల మీద నిలబడి ఉంది. మమ్మల్ని చూసి, "ఏంటండీ, దేవుడు ఇయ్యాల కూడా టయానికే వదిలేశాడే మిమ్మల్ని" అని నవ్వి, తాళం చెవి నా చేతిలో పెట్టి బస్సుకి వెళ్ళిపోయింది.